తెల్ల ఈక లెక్క: హొక్కైడో మంచులో ఆరు రోజులు

మొదటి రోజు: త్సురుయి, మధ్యాహ్నం

జపాన్ ఉత్తరాన ఉన్న హొక్కైడో ద్వీపానికి తూర్పు వైపున కుషిరో ఉంది. అక్కడి విమానాశ్రయం నుంచి త్సురుయి గ్రామానికి కారులో గంట కూడా పట్టదు. ఊరి పేరులోనే కొంగ ఉంది, ‘త్సురు’ అంటే అదే. జపనీయులు తంచో అని పిలిచే ఎర్రతల కొంగ ఒకప్పుడు ఈ దేశంలో పూర్తిగా పోయిందనుకున్నారు. 1924లో కుషిరో చిత్తడి నేలల్లో ఓ చిన్న గుంపు బయటపడింది. 1950ల మొదట్లో చలికాలంలో గింజలు వేయడం మొదలయ్యాక అవి కోలుకుని, ఇప్పుడు వెయ్యి దాటాయి. ఈ ఆరు రోజులూ మంచులో ఫొటోలు తీయడానికి. అలా గింజలు వేసే పొలాల దగ్గరే మొదటి మధ్యాహ్నం గడపాలి. ఫిబ్రవరి మధ్యలో ఇక్కడ సూర్యాస్తమయం ఐదు గంటలకు కాస్త ముందే అవుతుంది కాబట్టి రెండింటికల్లా కంచె దగ్గర ఉండటం మంచిది.

ముందుగా తేల్చుకోవాల్సింది ఎక్స్‌పోజర్, అంటే ఫొటోలోకి ఎంత వెలుతురు రానివ్వాలన్నది. కెమెరాలో వెలుతురు కొలిచే మీటరుకు తెలుపు తెలియదు. ఏది చూపించినా దాన్ని మధ్యస్థమైన బూడిదరంగు చేయాలని చూస్తుంది. మంచు పొలం మీద కొంగ నిలబడితే ఫొటో మసకబారుతుంది. అదే కొంగ రెక్కలు విప్పి నల్లటి చెట్ల ముందుకు ఎగిరితే మీటరు చెట్లను చూసి వెలుతురు పెంచుతుంది, తెల్ల ఈకల్లోని గీతలన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. పక్షి అదే, దాని మీద ఎండ కూడా అదే, మారింది వెనకున్నది ఒక్కటే. మీటరు చెప్పినదాన్ని పెంచే, తగ్గించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ చక్రం తిప్పుతూ ఈ రెండింటి మధ్య పరుగెత్తడం కుదరని పని. ఎగిరే పక్షి వెనక దృశ్యం రెండు సెకన్లలో మూడుసార్లు మారుతుంది.

అందుకే మాన్యువల్, అంటే సెట్టింగ్‌లన్నీ మనమే పెట్టుకోవడం. ఎండ పడుతున్న మంచును ఫ్రేమ్ నిండా పెట్టుకోండి. వెలుతురు మించి వివరం కాలిపోయే చోట తెరమీద కనిపించే జీబ్రా గీతలు గానీ మెరిసే హెచ్చరిక గానీ అప్పుడే మొదలయ్యేదాకా వెలుతురు పెంచి, అక్కడి నుంచి మూడో వంతు స్టాప్ (ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు లేదా సగం) తగ్గించి ఆపేయండి. తాజా మంచు కొంగ ఈక కంటే కాస్త ఎక్కువ తెలుపు, కనుక మంచు కాలకపోతే ఈక కూడా కాలదు. నిండు ఎండలో ఈ లెక్క దాదాపు ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 400, ఎఫ్/8 (అపర్చర్, అంటే లెన్స్ రంధ్రం), 1/2500 సెకను (షటర్ వేగం) దగ్గర తేలుతుంది. ఆ అంకెలకు ఒక స్టాప్ కంటే దూరంగా వస్తే ఎక్కడో పొరపాటు జరిగిందని అర్థం. మంచు రేణువుల మీది చిన్న చిన్న తళుకులు ఎలాగూ మెరుస్తాయి, వాటిని పట్టించుకోకండి.

మూడు దాటాక ఎండ వేగంగా దిగిపోతుంది. చివరి అరగంటలో ఐదు నిమిషాలకోసారి మళ్ళీ మంచు మీద కొలవాలి. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. నాట్యం చేసే జంట కనబడగానే కొలత మరిచిపోయి, రెండు వందల ఫొటోలు రెండు స్టాప్‌లు చీకటిగా తీసుకుంటారు. నాట్యానికి 1/1600 చాలు, గాలిలోకి ఎగిరి గెంతేటప్పుడు 1/2500 కావాలి. రెండు పక్షులూ ఒకే దూరంలో ఉండవు కాబట్టి ఎఫ్/8 కంటే తెరవకండి.

నీడలో మంచు నీలంగా కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ పడేది ఆకాశం వెలుగు మాత్రమే. ఆ నీలాన్ని పూర్తిగా తీసేస్తే ఎండ తగిలిన భాగం పసుపు పచ్చగా మారిపోతుంది. రంగుల తూకమైన వైట్ బ్యాలెన్స్‌ను పగటి వెలుగుకు, అంటే 5200 కెల్విన్‌కు కట్టేసి, మిగతాది తర్వాత రా ఫైల్‌లో (కెమెరా దాచే ముడి ఫొటోలో) చూసుకోవడం మేలు. ఆటోలో పెడితే ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ రంగు మారుతుంది.

రెండో రోజు: ఒతోవా వంతెన, తెల్లవారుజాము

సెత్సురి నది మీది ఒతోవా వంతెన నుంచి చూస్తే, ఎగువన నీళ్ళలో కొంగలు ఒంటికాలి మీద తల రెక్కల్లో దోపుకుని నిద్రపోతుంటాయి. నది లోతు తక్కువ, గడ్డకట్టదు. నక్కల లాంటివి నీళ్ళలోకి దిగి రావు కాబట్టి అదే వాటికి సురక్షితమైన పడక. గాలి నీటి కంటే బాగా చల్లబడ్డప్పుడు నీటిమీద ఆవిరి లేస్తుంది. దాన్ని ఇక్కడ ‘కేయరాషి’ అంటారు. అదే ఆవిరి ఒడ్డున ఉన్న కొమ్మలకు తగిలి నూగుమంచుగా పేరుకుంటుంది.

ఇది రోజూ జరిగేది కాదు. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉండాలి, గాలి వీచకూడదు, తెల్లవారేసరికి చలి సున్నాకు కింద 15 డిగ్రీలు దాటాలి. మబ్బు పడితే నేల వేడి పైకి పోదు, ఆవిరీ ఉండదు. గాలి వీస్తే లేచిన ఆవిరి చెదిరిపోతుంది. వాతావరణ సూచనలో ‘మబ్బు, గాలి’ అని ఉంటే ఆ ఉదయం నిద్రపోండి, మర్నాటికి శక్తి మిగులుతుంది. అందుకే ఈ వంతెన కోసం రెండు ఉదయాలు కేటాయించుకోండి.

సూర్యోదయం ఆరుంబావు, ఆరున్నర మధ్యలో. కనీసం గంట ముందు చేరాలి, చోటు కోసం ఇంకా ముందు వచ్చేవాళ్ళూ ఉంటారు. పక్షులు వందల మీటర్ల దూరంలో ఉంటాయి కనుక 500, 600 మిల్లీమీటర్ల లెన్స్ కావాలి. నూగుమంచు చెట్లు, నది వంపు, మధ్యలో చుక్కల్లాంటి కొంగలు చాలనుకుంటే 200 కూడా బాగా పనిచేస్తుంది. అసలు ఆ దృశ్యానికి 200తో తీసినవే ఎక్కువ అందమని మా అభిప్రాయం.

లెన్స్‌ను కారు వెచ్చదనంలోంచి తీసి నేరుగా వాడితే మొదటి ఇరవై, ముప్పై నిమిషాలు ఏ ఫొటో కూడా కత్తిలా రాదు. లెన్స్ ముందుండే గొట్టం లాంటి హుడ్‌లోపలి వెచ్చటి గాలి చల్లగాలితో కలిసి ఎండమావిలా వణుకుతుంది. అది ఫోకస్ తప్పినట్టే కనిపిస్తుంది గానీ ఫోకస్‌ది తప్పు కాదు. కారు కిటికీ తెరిచి, హీటరు నడుస్తుండగా తీసేవాళ్ళకూ ఇదే జరుగుతుంది. చేరగానే పరికరాలన్నీ బయటపెట్టి చల్లబడనివ్వాలి.

సూర్యోదయానికి అరగంట ముందు ఎఫ్/5.6, ఐఎస్ఓ 3200, 1/30 దగ్గర మొదలవుతుంది. నిద్రపోయే పక్షి కూడా కొద్దిగా ఊగుతూనే ఉంటుంది, అందుకని పది ఫ్రేమ్‌ల వరసలు తీయండి. వాటిలో ఒకటి రెండు నిలుస్తాయి. ఈ సమయంలో ఫొటోను పాడుచేసేది షటర్ వేగం కన్నా వంతెనే. పక్కన ఎవరు నడిచినా, వాహనం వెళ్ళినా ట్రైపాడ్ కాళ్ళలోంచి కంపనం పైకి వస్తుంది. అడుగుల చప్పుడు ఆగాక రెండు క్షణాలు ఆగి నొక్కండి. ట్రైపాడ్ మధ్య కడ్డీ పైకి లేపకండి. సూర్యోదయానికి పది నిమిషాల ముందుకు వచ్చేసరికి ఐఎస్ఓ 800, 1/125 సరిపోతుంది.

పొగమంచులో ఆటోఫోకస్ ముందుకూ వెనక్కూ వెతుక్కుంటుంది, పట్టుకోవడానికి దానికి అంచు కావాలి. కొంగలున్న దూరంలోనే ఉన్న మోడు కొమ్మ మీదో, ఒడ్డు గీత మీదో ఫోకస్ పెట్టి, ఫోకస్ పనిని షటర్ బటన్ నుంచి వెనక బటన్‌కు మార్చేయండి. తర్వాత ఎన్నిసార్లు నొక్కినా ఫోకస్ కదలదు. హిస్టోగ్రామ్ (ఫొటోలోని చీకటిని ఎడమన, వెలుగును కుడిన చూపే పటం) పొగమంచులో సన్నని దిబ్బలా ఉంటుంది. దాన్ని నడిమికి కుడివైపున నిలపండి. ఎడమకు వదిలేసి తర్వాత కంప్యూటర్‌లో లేపితే, పొగమంచు నునుపు స్థానంలో ఇసుక చల్లినట్టు చుక్కలు తేలతాయి.

సూర్యుడు తొంగిచూసిన క్షణంలో లెక్కంతా తిరగబడుతుంది. అంతవరకూ ఫ్రేమ్‌లో అన్నిటికన్నా తెల్లనిది ఈక. ఎండ వెనక నుంచి తగలగానే ఆవిరి వెలిగిపోయి ఈకను మించిపోతుంది, ఈక నీడ పాలవుతుంది. ఇక కొలవాల్సింది ఆవిరిని. రెండు, మూడు స్టాప్‌లు తగ్గించి, కొంగను నలుపు ఆకారంగా ఒప్పుకోవాలి. ఈకలో వివరం కూడా కావాలని మధ్యలో ఎక్కడో ఆగితే బంగారు ఆవిరి సుద్దలా తేలిపోతుంది, కొంగ మురికిగా మిగులుతుంది. లెన్స్ ముందున్న రక్షణ ఫిల్టర్ తీసేయాల్సిన సమయం కూడా ఇదే. సూర్యుడి దెయ్యం బొమ్మలు ఫ్రేమ్‌లోకి దిగేది ఎక్కువగా దాని వల్లే.

కొంగలు మెడలు ఎత్తి కూసేటప్పుడు ముక్కులోంచి ఊపిరి పొగ కనిపిస్తుంది. అది ఫొటోలో పడాలంటే ఎండ కొంగల వెనక నుంచి రావాలి, ఊపిరి వెనక నీడగల చెట్లు ఉండాలి. ఎండ మీ వెనక నుంచి పడితే ఆ పొగ కళ్ళకు కనిపించినా కెమెరాకు చిక్కదు.

ఈ చలిలో బ్యాటరీ సగం ఉందనుకున్నదే ఖాళీ అని చూపిస్తుంది. పారేయకండి. లోపలి జేబులో పెట్టి వేడెక్కిస్తే మళ్ళీ కొంత పనిచేస్తుంది. మూడు బ్యాటరీలు మార్చుకుంటూ తిప్పాలి. వ్యూఫైండర్ మీద ఊపిరి వదిలితే వెంటనే గడ్డకడుతుంది, కాబట్టి కన్ను పెట్టినప్పుడు ముక్కుతో పక్కకు వదలడం అలవాటు చేసుకోండి. లోహపు ట్రైపాడ్‌ను వట్టి చేత్తో పట్టుకోకండి.

గదికి తిరిగి వెళ్ళే ముందు బయటే కార్డు, బ్యాటరీ తీసుకుని కెమెరాను గాలి చొరబడని సంచిలో మూసేయాలి. వెచ్చటి గదిలో తేమ సంచి మీద చేరుతుంది, కెమెరా మీద కాదు. రెండు గంటలు సంచి విప్పొద్దు. కార్డు తీయడం మరిచిపోయినవాళ్ళు ఫొటోలు చూసుకోవాలన్న తొందరలో సంచి విప్పి, లెన్స్ లోపలి పొరల మీద తడి చేరనిస్తారు. బయటి తడి తుడిస్తే పోతుంది, లోపలిది తుడవలేం.

మూడో రోజు: మంచు కురుస్తున్న పొలం

మబ్బు పట్టి మంచు పడే రోజును వృథా అనుకోనక్కరలేదు. నీడలు ఉండవు, ఈక మీద ఎండ దెబ్బ ఉండదు, అప్పుడు తలమీది ఎర్రటి మచ్చ ఒక్కటే రంగు. సమస్యల్లా ఫోకస్. ఆటోఫోకస్ దగ్గరలో పడే మంచు రేకులను పట్టుకుంటుంది. లెన్స్ పక్కన, ఫోకస్ వెతికే దూరాన్ని పరిమితం చేసే లిమిటర్ మీటను దూరం వైపుకు నెట్టండి, ఫోకస్ చోటును చిన్నది చేసుకోండి, అడ్డం వచ్చినదాని మీదికి దూకే వేగాన్ని మెనూలో తగ్గించండి. పక్షి కన్ను గుర్తించే పద్ధతి పెద్ద రేకులు దట్టంగా పడేటప్పుడు తడబడుతుంది. అప్పుడు మెడ నలుపు, ఒంటి తెలుపు కలిసే అంచు మీద ఒక్క బిందువు పెట్టుకోవడం మేలు.

మంచు ఎలా కనిపించాలో షటర్ నిర్ణయిస్తుంది. 1/1000లో రేకులు చుక్కలై ఆగిపోతాయి. 1/60, 1/125 మధ్య గీతలవుతాయి, నిలబడ్డ కొంగకు ఇదే అందం. అంతకన్నా నెమ్మదైతే మంచు కనిపించకుండా పోయి ఫొటో పాలిపోయినట్టుంటుంది. వెనక నల్లని చెట్లుంటేనే రేకులు కనిపిస్తాయి. తెల్లటి ఆకాశం ముందు ఎంత మంచు పడినా ఫొటోలో ఉండదు. ఫ్లాష్ వాడితే లెన్స్‌కు దగ్గరలో ఉన్న రేకులు మాత్రమే తెల్లని ముద్దలై వెలుగుతాయి, పక్షిని బెదరగొట్టడం అదనం.

నాలుగో రోజు: బిహోరో కనుమ, కుష్షారో సరస్సు

కుష్షారో అగ్నిపర్వత బిలంలో ఏర్పడిన సరస్సు, విస్తీర్ణం దాదాపు 80 చదరపు కిలోమీటర్లు. దాని పడమటి గట్టు మీద, సుమారు 500 మీటర్ల ఎత్తులో బిహోరో కనుమ ఉంది. అక్కడి నుంచి తూర్పుకు చూస్తే గడ్డకట్టిన సరస్సు, మధ్యలో ద్వీపం, వాటి వెనక సూర్యోదయం. ముందు ఆకాశానికీ, లోయలోని నీడకూ మధ్య వెలుగు తేడా కెమెరా ఒక్క ఫ్రేమ్‌లో మోయగలిగినదానికి మించుతుంది.

రెండు దారులున్నాయి. పైభాగం ముదురుగా, కింద స్పష్టంగా ఉండే మూడు స్టాప్‌ల మెత్తని గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్ ఒకటి. రెండు స్టాప్‌ల తేడాతో మూడు ఫ్రేమ్‌లు తీసి తర్వాత కలపడం రెండోది. గట్టు గీత ఇక్కడ దాదాపు సమంగా ఉంటుంది కనుక ఫిల్టర్ కుదురుతుంది. అయితే కనుమ మీద గాలి తీవ్రం, ఫిల్టర్ గాజు మీద మంచుపొడి చేరుతుంది, చేతి తొడుగులతో దాన్ని సర్దడం నరకం. మా ఓటు మూడు ఫ్రేమ్‌లకే. లోయలో మేఘం కదులుతుంటే మాత్రం మూడూ కలిపినప్పుడు దాని అంచులు రెండు మూడుగా కనిపిస్తాయి. అలాంటప్పుడు ఆకాశాన్ని చీకటి ఫ్రేమ్ నుంచి మాత్రమే, లోయను నడిమి ఫ్రేమ్ నుంచి మాత్రమే తీసుకుని గట్టు గీత దగ్గర అతకండి. ట్రైపాడ్‌ను తక్కువ ఎత్తులో పెట్టి మీరే గాలికి అడ్డం నిలబడండి.

కిందికి దిగితే సునయు తీరం. ఇక్కడ ఇసుక తవ్వితే వేడినీళ్ళు వస్తాయి. ఆ వేడికే ఒడ్డున నీళ్ళు గడ్డకట్టవు, హూపర్ హంసలు అక్కడ చేరతాయి. తెల్ల హంస, తెల్ల ఆవిరి, తెల్ల మంచు: త్సురుయి లెక్క ఇక్కడ పనిచేస్తుంది గానీ ఫలితం చప్పగా ఉంటుంది, ఎందుకంటే కొలతకు సరిపోయినవన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. విడదీసేది నీడ. ఎండ పక్క నుంచి వచ్చే చోటుకు నడవండి, మెడకు ఒక వైపు నీలి నీడ పడగానే హంస ఆవిరిలోంచి బయటికొస్తుంది. మబ్బు రోజైతే ఎదురుదారి పట్టండి. మీటరు చెప్పినదానికి దాదాపు రెండు స్టాప్‌లు పెంచి అంతా తెల్లగా వదిలేసి, పసుపు నలుపు ముక్కు మీద ఫోకస్ పెట్టండి. వాలే హంసను 1/30తో కెమెరా తిప్పుతూ తీస్తే రెక్కలు చెరిగి తల నిలుస్తుంది, ఇరవైలో ఒకటి వస్తుంది. ఆవిరికి ఎదురుగా నిలబడితే లెన్స్ మీద మంచు పేరుకుంటుంది. చేతులు వెచ్చబెట్టుకునే పొట్లాన్ని రబ్బరు బ్యాండ్‌తో లెన్స్ అంచున కట్టండి, మరీ ముందు గాజుకు దగ్గరగా కాకుండా.

పక్కనే ఇవోజాన్ అనే గంధకపు కొండ ఉంది. దాని ఆవిరికి వెనక నుంచి ఎండ తగిలితే చాలు, 1/500లో ముద్దలుగానూ, పావు సెకనులో పట్టుబట్టలాగానూ వస్తుంది. అక్కడ లెన్స్ మార్చకండి. ఆ వాయువుల్లో తేమతో కలిస్తే ఆమ్లమయ్యేవి ఉంటాయి. తిరిగొచ్చాక తడిగుడ్డతో, ఆపైన పొడిగుడ్డతో బయటంతా తుడవాలి.

ఐదో రోజు: నొత్సుకే

దాదాపు 26 కిలోమీటర్ల ఇసుక మేట, రెండు వైపులా నీళ్ళు, గడ్డకట్టిన అఖాతం. జింకలూ నక్కలూ రోడ్డు పక్కనే కనిపిస్తాయి. వెలుగు మాత్రం ఇక్కడ అన్నిటికన్నా మొండిది. ఆకాశం, నేల ఒకే తెలుపై హద్దు కనిపించని రోజు ఎక్కువ. అప్పుడు ఫ్రేమ్‌లో నల్లటి గీత ఏదో ఒకటి కావాలి, కంచె గుంజ గానీ, ఎండుగడ్డి గానీ, జింక కాళ్ళు గానీ. ఒకటిన్నర స్టాప్ పెంచి, జింకను చిన్నగా ఉంచి, చుట్టూ ఖాళీ వదిలేయండి. ఇంజిన్, హీటరు ఆపి కారు కిటికీలోంచే తీయండి, దిగితే జింకలు లేచిపోతాయి. గాలి లేచి మంచు నేలబారుగా కొడితే వెనక్కి రావడమే, రోడ్డు కనిపించదు.

ఆరో రోజు: రౌసు, మంచుపలకల మీద గద్దలు

షిరెతోకో ద్వీపకల్పం 2005లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. దాని తూర్పు ఒడ్డున ఉన్న రౌసు రేవు నుంచి, ఓఖోత్స్క్ సముద్రం మీదుగా కొట్టుకొచ్చిన మంచుపలకల దాకా పడవలు తీసుకెళ్తాయి. అక్కడ స్టెల్లర్ సముద్రపు గద్దలు, తెల్లతోక గద్దలు వాలి ఉంటాయి. స్టెల్లర్ గద్ద రెక్కల వెడల్పు రెండు మీటర్లు దాటుతుంది. పలకలు గాలిని బట్టి ఒకరోజు రేవు ముందు, మర్నాడు కనుచూపు మేర లేకుండా ఉంటాయి. పడవలవాళ్ళు చేపలు వేసి గద్దలను దగ్గరకు రప్పిస్తారన్నది తెలిసి ఎక్కాలి. అది నచ్చనివాళ్ళకు దూరంగా పలక మీద ఊరికే కూర్చున్న గద్ద ఉంది, ఫొటోగా అదే గట్టిది కూడా.

తెల్లవారకముందు బయలుదేరే పడవ ఎక్కండి. వెలుగు రెండు సగాలుగా వస్తుంది, రెంటికీ వేర్వేరు లెక్కలు.

మొదటి సగంలో సూర్యుడు జలసంధికి అవతల కునాషిర్ ద్వీపం వెనక నుంచి వస్తాడు, గద్దలు మీకూ వెలుగుకూ మధ్యలో ఉంటాయి. కొలవాల్సింది సూర్యుడి పక్కనున్న ఆకాశాన్ని, అదీ ఒక స్టాప్ తగ్గించి. ఐఎస్ఓ 3200, ఎఫ్/5.6, 1/500 దగ్గర మొదలై నిమిష నిమిషానికీ మారుతుంది, కాబట్టి ఇక్కడ షటర్, అపర్చర్ కట్టేసి ఐఎస్ఓను ఆటోలో వదలడం మాన్యువల్ కంటే నయం. వివరం ఎలాగూ ఉండదు కనుక అంతా ఆకారం మీదే. రెక్కలు పూర్తిగా పైకో కిందకో ఉన్నప్పుడు, ముక్కు పక్కకు తిరిగినప్పుడు, ఒళ్ళు క్షితిజరేఖను తాకకుండా ఉన్నప్పుడే నొక్కండి. రెక్క సమంగా ఉన్న క్షణంలో ఎంత పెద్ద గద్దయినా ఒక నల్లగీత.

సూర్యుడు రెండు చేతుల ఎత్తు లేచాక వెనక్కి తిరగండి. ఇప్పుడు ఎండ మీ వెనక, మంచు కప్పిన షిరెతోకో కొండలు గద్ద వెనక. మళ్ళీ మాన్యువల్‌కు రండి. ఐఎస్ఓ 800, ఎఫ్/7.1, 1/2500 నుంచి మొదలుపెట్టి, భుజం మీది తెల్ల ఈక కాలకుండా చూసుకోండి. గద్ద ఒళ్ళు ముదురు గోధుమరంగు కనుక ఒక్క ఫ్రేమ్‌లో రెండూ పట్టడం కష్టమని అనిపిస్తుంది. ఇక్కడ కాపాడేది కింద ఉన్న పలకలే. తెల్లటి మంచు ఎండను పైకి తిప్పి కొట్టి రెక్కల అడుగు భాగాన్ని వెలిగిస్తుంది. అదే గద్ద నల్లటి ఖాళీ నీటి మీదికి వెళ్ళగానే రెక్క అడుగు చీకటైపోతుంది. సెట్టింగ్ మార్చి దాన్ని గెలవలేం. ఎగిరే దారిని చూసి, పలకల మీదుగా వచ్చే గద్దకే ఎదురుచూడండి.

600 మిల్లీమీటర్ల లెన్స్ ఈ పడవలో భారమే. గద్దలు దగ్గరకొస్తే రెక్కలు ఫ్రేమ్ దాటిపోతాయి. 100-400 సరైనది, ట్రైపాడ్ పనికిరాదు, మోకాళ్ళు కొద్దిగా వంచి పడవ ఊపును ఒంట్లోనే మింగేయాలి. సముద్రపు కాకులు అడ్డం దూరినప్పుడు ఫోకస్ వాటి మీదికి పోకుండా మంచు కురిసిన రోజు మెనూలో చేసిన మార్పే ఇక్కడా పనికొస్తుంది.

రేవుకు తిరిగొచ్చే దారిలో కెమెరా సంచిలో పెట్టకండి. రేవు గోడ మీద, మంచు కప్పిన కొండ చరియ చెట్ల మీద గద్దలు వాలి ఉంటాయి. నీడలో ఉంటే 1/500, ఐఎస్ఓ 1600 చాలు, పడవ నెమ్మదించాక ఊపు తగ్గుతుంది. దిగాక లెన్స్ ముందు గాజును గుడ్డతో రుద్దకండి, దాని మీద ఎండిన ఉప్పు ఉంటుంది. ముందు ఊదుడు బుడ్డితో గాలి కొట్టి, తర్వాత శుభ్రమైన నీటితో తడిపిన గుడ్డను అద్ది ఉప్పు కరిగించి, అప్పుడు పొడిగుడ్డ వాడండి.